దోస్తు అమ్మిన మోటారు

"మోటారు కొనే ముందు ఏమేం చూసినవ్?"

పురుషోత్తం అడిగిన మొదటి ప్రశ్నకే బాలనర్సింహ తల దించుకున్నాడు.

"ఏం చూడలే సాబ్."

"బ్రేకులు?"

"చూడలే."

"టైర్లు? కింద చమురు కారుతున్నదా, లేదా? పోనీ, బానెట్ లేపి ఇంజన్ మొఖమన్న చూసినవా?"

"దోస్తు అమ్ముతుంటే బానెట్ లేపుమని ఎట్ల అడుగుత? మొఖం మీద ఉమ్మినట్టు గాదా?"

పురుషోత్తానికి ఒళ్లు మండింది. పదకొండేళ్లు కొత్వాలీలో పోలీసు అమీనుగా చేసి, పైవాళ్లతో పడక నౌకరీ వాళ్ల మొహాన కొట్టి బయటికొచ్చిన మనిషి ఆయన. ఇప్పుడు డిటెక్టివ్ అని గుమ్మానికి బోర్డు తగిలించుకున్నాడు. నోరు మంచిది కాదు. కళ్లు మాత్రం మంచివి. ఠాణాలో పాత జవాను ఒకడు మొహమాటానికి హవాలాతు ఊచల దగ్గరికి రానిచ్చాడు కానీ, అమీన్ వచ్చేలోపు పోవాలని వాడి గోల.

"నువ్వు గౌలిపురల మూడు తరాల నుంచి పాడి చేసే ఇంటోనివి. బర్రెను కొంటే ఏం చూస్తవు?" అన్నాడు పురుషోత్తం.

ఊచల వెనక ఆ కుర్రవాడి ముఖంలో మొదటిసారి కాస్త జీవం కనిపించింది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయి ఉంది. రెండు రోజుల ఠాణా మర్యాద అది.

"బర్రె అయితే నోరు తెరిచి పండ్లు చూస్త. పొదుగు ఒత్తి చూస్త. సుడులు చూస్త. వాళ్ల కొట్టంలనే కూసోని రెండు పూటలు నా చేతులతోనే పిండుకుంట. అప్పుడు బేరం."

"అదే బర్రెను నీ దోస్తు లక్ష్మయ్య అమ్మితే?"

"లక్ష్మన్నది అయితే చూడ."

ఇదీ సంగతి. నమ్మి చెడినవాడు లేడని పెద్దలన్నారు. ఆ పెద్దలెవరూ ఈ హవాలాతు చూసి ఉండరు.

జరిగింది చెప్పాలంటే రెండు ముక్కలు. లడాయి రోజులు, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. కూపను లేనిదే పెట్రోలు చుక్క దొరకదు. యాకుత్‌పురా స్టేషను గూడ్స్ షెడ్డు నుంచి నెల రోజులుగా పెట్రోలు డబ్బాలు మాయమవుతున్నాయి. వాటిని ఎత్తుకుపోయే మోటారు ఏదో తనకు తెలుసనీ, పెద్ద సాబు ముందు చెప్పేస్తాననీ షెడ్డు కావలివాడు కృష్ణయ్య గురువారం పగలు నలుగురూ వినేట్టు అన్నాడు. పాపం, కడుపులో మాట దాచుకోలేని మనిషి. శుక్రవారం తెల్లవారుతుండగా గేటు దగ్గర ఒక మోటారు వాణ్ణి గుద్ది, గోడ దాకా ఈడ్చి, ఆగకుండా పోయింది. చాయ్ దుకాణం వాడొకడు బండి నంబరు చూశాడు.

శనివారం మధ్యాహ్నం అమీన్ రామ్‌చందర్‌కు ఆ మోటారు బాలనర్సింహ కొట్టంలో దొరికింది. గోడ వైపున్న ఎడమ మడ్‌గార్డు సొట్టపోయింది. చక్రానికి ఎండిన నెత్తురు. కింద కమానులో కృష్ణయ్య గొంగడి పీలిక. ఇంతకన్నా ఏం కావాలి? ఈ రోజు, సోమవారం పగలు ముద్దాయిని అదాలత్‌కు తీసుకుపోతారు. నేరం మోపే చలాను ఒకసారి లోపలికి పోయిందంటే ఈ కుర్రవాడి మెడకు ఉరే. పొద్దున్నే వాడి తల్లి బుచ్చమ్మ ఇంటికొచ్చి, ఏమీ మాట్లాడకుండా పురుషోత్తం కాళ్ల దగ్గర కూలబడింది. అందుకే ఆయన ఇక్కడున్నాడు.

"మోటారెందుకు కొన్నవ్?"

"పాలు కావల్సినోళ్లు సికింద్రాబాద్ల ఉన్నరు సాబ్. టాంగ మీద ఏసుకొని పోతే ఎండ ఎక్కంగనే ఇరుగుతున్నయి. మోటారు ఉంటే గీ బాధ ఉండదని లక్ష్మన్ననే అన్నడు."

"ఆయన ఎందుకు అమ్మిండు?"

"అడగలే."

"ఎప్పుడిస్త అన్నడు?"

"బేరమైనప్పుడు, వచ్చే నెల తీస్కపో అన్నడు. గురువారం పొద్దూకంగ ఉన్నట్టుండి ఆయననే తోలుకొచ్చి కొట్టంల పెట్టిండు. నా సంతోషం కోసమే తొందరగ తెచ్చిండు."

"శుక్రవారం తెల్లారంగ నువ్వేడున్నవ్?"

"పాలు పోస్తున్న. శాలిబండ దిక్కు. ఒక్కణ్ణే. ఒక వాకిలికి, ఇంకో వాకిలికి నడుమ పోయి గుద్దొచ్చినవ్ అంటున్నడు అమీన్ సాబ్. శుక్రవారం మోటారును నేను కొట్టం దాటియ్యలే సాబ్. హ్యాండిల్ లేకుండ ఎట్ల దాటిస్త? శనివారం పొద్దుగాల కమ్మరి కొత్తది చేసిచ్చిండు. దాన్ని ఇంక పెట్టి తిప్పనన్న తిప్పలే, జవాన్లు వచ్చిన్రు."

"గా మాట అమీన్‌తో చెప్పినవా?"

"చెప్పిన. కమ్మరి మా పాలు తాగుతడట. అందుకని అబద్ధం చెప్తున్నడట."

"మరి పాత హ్యాండిల్ ఏమైంది?"

ఇంతసేపూ అడిగినదానికి అడిగినట్టు జవాబిచ్చినవాడు ఉన్నట్టుండి ముఖం తిప్పుకున్నాడు. చేతులు ఊచల మీంచి జారాయి.

"అది వేరే ముచ్చట సాబ్. దానికి దీనికి సంబంధం లేదు."

"బాలనర్సింహా, నీ పానం పోతది."

"పోతే పోనీ. ఠాణాల నిలబడి ఈ ముచ్చట్ల దోస్తు పేరు ఎత్తను."

పురుషోత్తం వాణ్ణి తిట్టలేదు. తన కొడుకైతే చెంప పగలగొట్టేవాడే. జవాను దగ్గడం మొదలుపెట్టాడు, అమీన్ వచ్చే వేళయిందని. ఆయన బయటికి నడిచాడు.

*

గౌలిపురలో ఆ కొట్టం వీధి కన్నా మోకాలెత్తు కిందికి ఉంది. వాన నీళ్లు లోపలికి రాకుండా గుమ్మానికి అడ్డంగా రాళ్లు పేర్చి ఏటవాలు కట్టారు. లోపల బర్రెలు ఒకవైపు, మోటారు ఒకవైపు. కాపలా జవాను ముక్కుకు రుమాలు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పురుషోత్తం చేతిలో ఏదో పెడితే రుమాలు ఇంకా పైకి లాగి అటు తిరిగాడు.

కొన్నవాడు చూడని మోటారును డిటెక్టివ్ చూశాడు. తాపీగా, వంగి, మోకాళ్ల మీద కూర్చుని, చివరికి పాత గోనెపట్టా పరుచుకుని కిందికి దూరి చూశాడు. ముందు టైర్లు రెండూ నున్నగా బోడితలలా ఉన్నాయి. బ్రేకు పెడలు కాలితో నొక్కితే నేల దాకా పోయి అక్కడే ఉండిపోయింది. రేడియేటరుకు మైనం పెట్టి అతుకు వేశారు. సీటు కింద పలక లేపితే బ్యాటరీ ఉండాల్సిన డబ్బా ఖాళీ. అంటే మీట నొక్కితే లేచే మోటారు కాదిది. ఇరవై ఏళ్ల కిందటి సరుకు. ముందు నుంచి ఇనప హ్యాండిల్ గుచ్చి చేత్తో తిప్పితేనే రాజుకుంటుంది. ఇలాంటి బండిని శత్రువుకు కూడా అంటగట్టరు.

హ్యాండిల్ సీటు కిందే దొరికింది. తీసి వెలుతురులోకి తెచ్చాడు. ఇంజనులోకి దూరే కొసన అడ్డంగా ఒక మేకు ఉంటుంది. ఇంజనును పట్టి తిప్పేది ఆ మేకే. దాన్ని ఎంతసేపు చూశాడో ఏమో, బుచ్చమ్మ వచ్చి పక్కన నిలబడిన సంగతి కూడా తెలియలేదు.

"ఏమన్న దొరికిందా నాయనా?" అందామె. చేతిలో మజ్జిగ లోటా ఉంది. కొడుకు ఉరికి దగ్గరవుతున్నా ఇంటికొచ్చిన మనిషికి మజ్జిగ ఇవ్వడం మానని తల్లి.

"దొరికినట్టే ఉన్నది తల్లీ. జర ఆగు."

అంతలో వీధిలో బూట్ల చప్పుడు. అమీన్ రామ్‌చందర్ ఇద్దరు జవాన్లతో, ఎడ్లజతతో దిగాడు. మోటారును అదాలత్ దాకా ఎడ్లతో లాగించాలని ఆయన ఏర్పాటు. ఒకప్పుడు పురుషోత్తం కింద పని నేర్చుకున్నవాడే. మంచి పొడగరి, చురుకైనవాడు. ఒకటే జబ్బు. ఎద్దు ఈనిందని ఎవరైనా చెబితే ముందు దూడను కట్టెయ్యమనే రకం.

"అరే పురుషోత్తం భాయ్, పేడల ఏం దేవులాడుతున్నవ్?" అన్నాడు.

"నువ్వు పారేసుకున్న ఇజ్జత్ దొరుకుతదేమోనని."

జవాన్లు నవ్వు ఆపుకున్నారు. రామ్‌చందర్ ముఖం గట్టిపడింది. "పక్కకు జరుగు. సర్కారీ సబూత్ అది. ముట్టుకోనీకి నువ్వెవరు?"

"ముట్టుకోను. నువ్వే ముట్టుకో. ఈ హ్యాండిల్ సంగతి పంచనామల ఏం రాసినవ్?"

"మోటార్ల హ్యాండిల్ ఉన్నది అని రాసిన. అమ్మినాయన లక్ష్మయ్య కూడ నిన్న బయాన్ ఇచ్చిండు, మోటారుతోపాటు హ్యాండిల్ గూడ గురువారమే ఇచ్చేసిన అని. బస్. కేస్ ఖతం."

"ఇదే హ్యాండిలా ఆయన ఇచ్చింది?"

"ఇంకేది? మోటారుకు ఎన్ని హ్యాండిల్లుంటయి?"

పురుషోత్తం దాన్ని ఆయన చేతిలో పెట్టాడు. "కొసన మేకు చూడు. కొలిమిల కాలిన నల్ల పొర ఎట్లున్నదో అట్లనే ఉన్నది. గోటితో గీకితే రాలుతున్నది. మోటారు ఇరవై ఏళ్లది, హ్యాండిల్ నిన్న మొన్నటిది. ఇప్పుడు నువ్వే గుచ్చి ఒక్క చుట్టు తిప్పు. మీ జవాన్లు కూడ చూస్తరు."

రామ్‌చందర్ తటపటాయించాడు. చూసేవాళ్ల ముందు వెనక్కి తగ్గడం ఆయనకు చేతకాదు. మోటారు ముందు వంగి, గుచ్చి, బలమంతా పెట్టి తిప్పాడు. ఇంజను ఒకసారి దగ్గి ఊరుకుంది. బయటికి లాగాడు. మేకు రెండు వైపులా నల్ల పొర ఊడిపోయి ఇనుము తెల్లగా మెరుస్తోంది.

"ఒక్క చుట్టుకే గిట్లయింది," అన్నాడు పురుషోత్తం. "శుక్రవారం ఈ హ్యాండిల్‌తోనే మోటారు లేపి, యాకుత్‌పురాకు పోయి, మనిషిని సంపి, తిరిగి తెచ్చి పెడితే మేకు నల్లగ ఎట్లుంటది? కమ్మరి అబద్ధం చెప్పలే. నువ్వే వినలే."

"నూకి స్టార్ట్ చేసిండొచ్చు."

"ఇది గుంతల ఉన్న కొట్టం. ఏటవాలు మీదికి ఎక్కించాలంటే నలుగురు మొగోళ్లు కావాలె. నువ్వు ఎడ్లను ఎందుకు తెచ్చినవ్ మరి?"

రామ్‌చందర్ ఎడ్ల వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. కానీ అంత తేలిగ్గా లొంగే ఘటం కాదు. "సరే, ఇది కొత్తదే అనుకుందాం. లక్ష్మయ్య ఇచ్చిన పాతదానితోని లేపి, దాన్ని ఏ బాయిలనో పడేసి, కొత్తది చేయించిండు. నన్ను ఎర్రోణ్ణి చేసే ఉపాయం."

నిజానికి అది తీసిపారేసే మాట కాదు. దానికి జవాబు హవాలాతులో ఊచలు పట్టుకుని నోరు విప్పనంటోంది. పురుషోత్తం లోటా అందుకుని మజ్జిగ ఒక గుక్క తాగాడు.

"పాతది లక్ష్మన్న ఇచ్చిండా? ఎవలు చెప్పిన్రు?" అంది బుచ్చమ్మ.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"మా పాడి చేసెటోళ్లల్ల బర్రెను అమ్మితే పలుపు ఇయ్యరు బిడ్డా. పలుపు పోతే ఇంట్ల లక్ష్మి పోతది. అమ్మినోడు తన పలుపు ఇప్పుకొని ఇంటికి తీస్కపోతడు. కొన్నోడు కొత్త పలుపు తెచ్చుకొని కట్టుకుంటడు. అది కట్టందాక పశువు కొట్టం దాటొద్దు. లక్ష్మన్న గౌలిపుర పుట్టుకనే. కాంట్రాక్టులు చేసి పెద్దోడైతే ఏమాయె, రివాజు మర్సిపోలే. గురువారం మోటారు నిలవెట్టి హ్యాండిల్ తీసి, అవ్వా, గిది నా పలుపు, నేను తీస్కపోత అన్నడు. నేనే నవ్వుకుంట తువాల్ల చుట్టి, తాంబూలం పెట్టి చేతికిచ్చిన. మోటారైనా బండే గదా, పద్ధతి పద్ధతే."

కొట్టంలో బర్రె ఒకటి తోకతో ఈగల్ని కొట్టుకుంటోంది.

పురుషోత్తానికి ఇప్పుడు అర్థమైంది, ఆ కుర్రవాడు ఏ పేరు ఎత్తనన్నాడో. దోస్తు పలుపు తీసుకుపోయాడని చెబితే దోస్తు మీదికి అనుమానం పోతుంది. అందుకని ఉరికైనా సిద్ధపడ్డాడు పిచ్చివాడు. ఆయనకు కోపమూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. రెండిటినీ అమీన్ మీదికే మళ్లించాడు.

"ఇన్నవా రామ్‌చందర్? శుక్రవారం ఈ మోటారును లేపగలిగే హ్యాండిల్ ఒక్కటే ఉండె. అది లక్ష్మయ్య ఇంట్ల ఉండె. అది ఇచ్చేసిన అని నీ ముందర నిలబడి బయాన్ ఇచ్చిండు. ఇయ్యనిదాన్ని ఇచ్చిన అని ఎందుకన్నడు?"

"ముసలామె కొడుకు కోసం..."

"ఆమెకు నీ కేసుల మతలబే తెల్వదు. హ్యాండిల్‌తో ఏమైతదో కూడ తెల్వదు. ఇంకొకటి అడుగుత, సమజాయించు. గూడ్స్ షెడ్డుల పెట్రోలు నెల నుంచి పోతున్నది. కృష్ణయ్య చూసిన మోటారు ఇదే అంటివి. బాలనర్సింహ చేతికి మోటారొచ్చింది గురువారం. అంతకుముందు నెలంత ఈ మోటారు ఎవరిది?"

రామ్‌చందర్ మోటారు వైపు తిరిగాడు. చురుకైనవాడని చెప్పాను గదా. ఒకసారి దారి కనబడితే పరుగెత్తగలడు. పెట్రోలు దొంగ లక్ష్మయ్య. కృష్ణయ్య నోరు విప్పుతాననేసరికి అదే సాయంత్రం బండిని వదిలించుకున్నాడు. తెల్లవారి పాలవాడు ఇంట్లో ఉండడని తెలుసు. తన పలుపు తను తెచ్చుకుని, అమ్మేసిన బండి లేపి, కృష్ణయ్యను చంపి, బండిని మళ్లీ దోస్తు కొట్టంలో కట్టేసి పోయాడు. నెత్తురు, సొట్ట, నంబరు అన్నీ దోస్తు పేరు మీదే. ఆ మోటారు తొందరపడి అప్పగించిందే ఇందుకు. ఇదంతా అమీన్ ముఖం మీద ఒకదాని వెనక ఒకటి కనబడింది.

"మస్తు చెప్పినవ్," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "కానీ అదాలత్‌ల ముసలామె మాట నిలవదు. తల్లి గద. శుక్రవారం మోటారు తోలిన మనిషిని చూసినోళ్లు కావాలె."

"ఎవరూ చూడలేదా?"

"చూసిన అంటున్నది ఒకామె. బాలనర్సింహ పెండ్లాం మాణిక్యమ్మ. నిన్న పగలు ఠాణాకు వచ్చి ఒకటే లొల్లి. తెల్లారంగ మోటారు చప్పుడైతే బయటికొచ్చిందట. బండి వీధిలకు ఎక్కుతుంటే మసక చీకట్ల తోలెటోని వీపు చూసిందట. అది నా మొగనిది గాదు, మళ్ల కనబడితే గుర్తుపడత అన్నది. పెండ్లాం గట్లనే అంటది గద అని నేను రాసుకోలే."

"రాసుకోలేదా?" పురుషోత్తం గొంతు పెంచకుండానే అడిగాడు. ఆయన తిట్టే తిట్ల కన్నా అది ఎక్కువ తగిలింది. "నేర్పింది ఇదేనా నీకు?"

"ఇప్పుడు రాస్త భాయ్. పిలువు ఆమెను."

పురుషోత్తం బుచ్చమ్మ వైపు తిరిగాడు. ప్రాణం కాస్త కుదుటపడింది. కళ్లతో చూసిన మనిషి ఉంది, అమీన్ వినడానికి సిద్ధంగా ఉన్నాడు, అదాలత్‌కు ఇంకా వేళ ఉంది. ఆ కుర్రవాడు సాయంత్రానికల్లా బర్రెల దగ్గరికి వస్తాడు.

"తల్లీ, కోడల్ని జర బయటికి రమ్మను."

"కోడలు ఇంట్ల లేదు నాయనా. నేను మీ ఇంటి నుంచి వచ్చేసరికే టాంగ వచ్చి ఉండె. ఎక్కి పోయింది."

"ఎవరి టాంగ?"

"లక్ష్మన్నది. వకీలును చూపిస్త, నీ మొగణ్ణి ఇడిపిస్త అని ఆయననే వచ్చిండు. అది జర ఎనుకముందాడింది. ఆయన వీపు దిక్కు గట్లనే చూసుకుంట నిలబడ్డది. నేనే బలవంతంగ ఎక్కిచ్చిన. నా కొడుకు సుత రాత్రి జవానుతోని కబురంపిండు, లక్ష్మన్న ఏడికి రమ్మంటే ఆడికి పొమ్మను, ఆయన ఉండంగ మనకు ఫికర్ లేదని."

"ఏడికి తీస్కపోయిండు?"

"జల్‌పల్లి దిక్కట. వకీలు ఆడ ఉంటడట."

జల్‌పల్లిలో వకీలు ఎవరున్నారు? చెరువుంది, బండరాళ్లున్నాయి, పగలు కూడా మనిషి కనబడని దారి ఉంది. పురుషోత్తం చేతిలోంచి లోటా ఎప్పుడు జారిందో చూసుకోలేదు. మజ్జిగ కాళ్ల మీద పడింది.

రామ్‌చందర్ గోడకు చెయ్యి ఆనించుకున్నాడు.

"మాణిక్యమ్మ చెప్పిన ముచ్చట," అన్నాడు, "నిన్న పొద్దూకంగ బయాన్ రాసుకుంట లక్ష్మయ్యకు నేనే చెప్పిన. ఇద్దరం నవ్వుకున్నం."

బుచ్చమ్మ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"ఏంది నాయనా, గట్ల నిలబడ్డరు?" అంది. "లక్ష్మన్న మనోడే గద. చిన్నప్పుడు తల్లి సస్తే నా చేతి పాలు తాగి పెరిగిండు."